ఓల్నీ కవి - అతని కుందేళ్లు

1784వ సంవత్సరం జూన్ నెలలో, లండన్ నగరం నుండి వెలువడే 'జెంటిల్‌మన్స్ మాగజైన్' అనే పత్రికలో ఒక లేఖ అచ్చయినది. విద్వాంసులు, పురాతత్త్వజ్ఞులు, పాదరీలు చదివే గంభీరమైన పత్రిక అది. ఈ లేఖలోని విషయం మాత్రం మూడు పెంపుడు కుందేళ్లు. వాటి పేర్లు పస్, టైనీ, బెస్. పేర్లు ఆడపిల్లల పేర్లవలె ఉన్నా మూడూ మగవే. ఏ కుందేలు ఎటువంటి స్వభావం కలది, ఏది ఏ ఆకును ఇష్టంగా తినేది, ఏది ఒడిలోకి వచ్చేది, ఏది కాలితో కొట్టేది, ఇవన్నీ ఆ లేఖకుడు ఒక శాస్త్రజ్ఞుని ఓపికతోను, ఒక తల్లి మక్కువతోను వర్ణించినాడు. చదివినవారు ఈయన ఎవరో తీరికగల పల్లెటూరి పెద్దమనిషి, మనసులో ఏ చింతా లేనివాడు అనుకొని ఉంటారు.

ఆ లేఖ వ్రాసిననాటికి ఆయన వయస్సు 52 సంవత్సరాలు. దేవుడు తనను ఒక్కనిని పేరుపెట్టి శపించినాడని, తనకు ఎన్నటికీ మోక్షం లేదని, అప్పటికి పదకొండేళ్లుగా ఆయన నిశ్చయంగా నమ్ముతున్నాడు. ఆదివారం చర్చి గంట మ్రోగితే ఇల్లు కదిలేవాడు కాడు. ప్రార్థన చేసేవాడు కాడు. ఆయనే విలియం కూపర్. ఆ పేరును ఇంగ్లీషులో వ్రాసిన తీరు చూచి చాలామంది 'కౌపర్' అని పలుకుతారు. ఆ కుటుంబంవారు పలికేది మాత్రం 'కూపర్' అనియే. ఉచ్చారణ విషయంలో మా రేడియోవారికి ఉండే చాదస్తాన్ని పాఠకులు మన్నింతురు గాక.

మనలో కొందరు ఆయనను ఇంగ్లీషు వాచకాలలో కలుసుకొనే ఉంటారు. గుర్రం అదుపు తప్పి పరుగెత్తగా పెండ్లి దినపు విందుకు చేరలేకపోయిన బట్టల వర్తకుడు జాన్ గిల్పిన్ కథ ఆయనదే. ఆ హాస్యకావ్యం వ్రాసినవాడే ఆధ్యాత్మిక నైరాశ్యంలో 27 సంవత్సరాలు గడిపినాడనే సంగతి వాచకాలలో సాధారణంగా కనిపించదు.

కూపర్ 1731 నవంబరులో ఇంగ్లండు దేశపు హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని బెర్కంస్టెడ్‌లో జన్మించినాడు. తండ్రి ఆ ఊరి చర్చిలో మతగురువు. ఆరవ ఏడు నిండకముందే తల్లి మరణించింది. వెంటనే పిల్లవానిని దూరపు బడికి పంపినారు. అక్కడ ఒక పెద్ద కుర్రవాడు అతనిని ఎంతగా హింసించినాడంటే, వాని ముఖం ఎత్తి చూచే ధైర్యం లేక, కాలి చెప్పుల బిళ్లలను బట్టి వానిని గుర్తుపట్టేవాడినని కూపర్ తరువాత వ్రాసికొన్నాడు. ఆపైన వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో చదివినాడు. అక్కడ ఆయన సహాధ్యాయులలో ఇద్దరి పేర్లు మనకు బాగా తెలిసినవే. ఒకడు వారన్ హేస్టింగ్స్, మరొకడు ఎలిజా ఇంపే. ఒకడు కలకత్తాలో గవర్నరు జనరలు, రెండవవాడు అక్కడి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయినారు. దేశాలనేలిన ఆ తోటివారి నడుమ కుందేళ్లను పెంచిన కూపర్‌ను ఉంచి చూస్తే, ఎవరి జీవితం చరిత్రకు ఎక్కుతుందో చెప్పడం అంత తేలిక కాదనిపిస్తుంది.

న్యాయశాస్త్రం చదవడానికి లండన్‌లో మిడిల్ టెంపుల్ చేరిన కొలదికాలానికే, ఇరవై ఒకటి రెండేళ్ల వయస్సులో, కారణం తెలియని ఒక విచారం ఆయనను మొదటిసారి కమ్ముకొన్నది. పగలంతా దుఃఖం, రాత్రి నిద్రలో భయం. అప్పుడు ఆయనకు ఊరట కలిగించినవి రెండు. మొదటిది ఒక పుస్తకం. నూరేళ్లకు పూర్వం జీవించిన పాదరీ కవి జార్జి హర్బర్టు భక్తిగీతాలు చేతికి వచ్చినవి. రోజంతా వాటినే చదివేవాడు. చదివినంతసేపు బాధ తగ్గేది. ఒక బంధువు మాత్రం ఇటువంటి చదువు నీ జబ్బును పెంచుతుందని మాన్పించినాడు. రెండవది సముద్రం. సౌతాంప్టన్ సమీపంలో ఒక ఎండకాచిన ఉదయాన గట్టుమీద కూర్చుండి నీటిని, అవతలి అడవిని చూస్తుండగా, ఎవరో గుండెమీది బరువును ఒక్కసారిగా ఎత్తివేసినట్లయినదని ఆయన వ్రాసినాడు. బాగుపడిన తరువాత, అది దేవుని దయ కాదు, గాలి మార్పువల్ల జరిగినదనుకొని, తాను వ్రాసికొన్న ప్రార్థనలను నిప్పులో వేసినాడు. పుస్తకం, ప్రకృతి, ప్రార్థన, ఈ మూడూ ఇట్లు ఆయన జీవితంలో తొలిసారి కలిసికట్టుగా ప్రవేశించినవి. చివరివరకు ఆయనను విడువనివి మొదటి రెండే.

పినతండ్రి కుమార్తెయైన థియోడోరాను ఆయన ప్రేమించినాడు. ఆమె తండ్రి ఒప్పుకొనలేదు. ఆమె జీవితాంతం అవివాహితగానే ఉండిపోయినది. 1763లో బంధువుల పలుకుబడితో ప్రభువుల సభలో ఒక గుమాస్తా పదవి లభించబోయినది. అయితే అభ్యర్థి సభ ఎదుట నిలిచి పరీక్ష ఇవ్వవలసి వచ్చింది. నలుగురి ముందు నిలబడడమనే ఆ ఒక్క ఊహ ఆయనను పిచ్చివానిని చేసింది. ఆత్మహత్యకు యత్నించినాడు. బంధువులు ఆయనను సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ నథానియల్ కాటన్ నడిపే చికిత్సాలయంలో చేర్చినారు. ఆ కాలపు పిచ్చాసుపత్రులలో గొలుసులు, కొరడాలు మామూలు. డాక్టర్ కాటన్ మాత్రం దయగలవాడు, తానూ పద్యాలు వ్రాసేవాడు. 1764 జులైలో అక్కడే ఒకనాడు కూపర్ బైబిలు తెరిచినాడు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయంలో, క్రీస్తు రక్తమందలి విశ్వాసంవల్ల మానవునకు క్షమాపణ కలుగునని చెప్పే వాక్యం కంటబడింది. ఆ క్షణాన తనకు రక్షణ లభించిందన్న ఆనందం ఆయనను ముంచెత్తింది. ఆయన జీవితంలో అనుమానానికి తావులేని ఆనందం అదొక్కటే.

అక్కడినుండి హంటింగ్‌డన్ పట్టణానికి వెళ్లి అన్విన్ అనే మతగురువు కుటుంబంతో కలిసి నివసించినాడు. 1767లో ఆ గృహస్థు గుర్రంమీదనుండి పడి మరణించినాడు. ఆయన భార్య మేరీ అన్విన్, కూపర్‌ను కన్నబిడ్డవలె, తోబుట్టువువలె, సఖివలె ముప్పయి ఏళ్లు కనిపెట్టి ఉన్నది. లోకం ఏమన్నా ఆమె పట్టించుకొనలేదు. ఆ ఏడే వారు బకింగ్‌హామ్‌షైర్‌లోని ఓల్నీ అనే చిన్న ఊరికి మారినారు.

ఓల్నీ ఊజ్ నది ఒడ్డున ఉన్నది. నాడది బీదవారి ఊరు. స్త్రీలు, పిల్లలు దిండుమీద గుండుసూదులు గ్రుచ్చి, దారపు కండెలు అటూ ఇటూ త్రిప్పుతూ లేసు అల్లేవారు. మన నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలకు పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చినది కొక్కెపు సూది అల్లిక. పనితనం వేరైనా, సన్నని దారంతో కండ్లు కాయలు కాచేలా కూర్చొని, వర్తకుడిచ్చిన కూలికి తృప్తిపడే బ్రతుకు మాత్రం ఒక్కటే. ఈ ఊరి చర్చిలో సహాయ గురువు జాన్ న్యూటన్. ఒకప్పుడు ఆఫ్రికానుండి నీగ్రో బానిసలను తెచ్చి అమ్మే ఓడకు కెప్టెనుగా ఉండి, 1754లో ఆ వృత్తి మాని, పదేళ్ల తరువాత మతగురువైనవాడు. పెద్ద గొంతు, దృఢమైన శరీరం, సందేహమెరుగని విశ్వాసం. కూపర్‌కు పూర్తిగా విరుద్ధమైన మనిషి. బహుశా అందుకే స్నేహం అంత గాఢంగా కుదిరింది. ఇద్దరి తోటలకు నడుమ ఉన్న మరొకరి తోటగుండా దారి చేసికొని రోజూ కలిసికొనేవారు.

బీద లేసుపనివారు ప్రార్థనసభలో పాడుకొనడానికి వారిద్దరు కీర్తనలు వ్రాయ నారంభించినారు. 1779లో అచ్చయిన 'ఓల్నీ కీర్తనలు' అనే సంపుటంలో మొత్తం 348 కీర్తనలున్నవి. వాటిలో సుమారు 67 కూపర్‌వి, మిగిలినవన్నీ న్యూటన్‌వి. ఇంగ్లీషు తెలిసిన క్రైస్తవ లోకమంతటా నేటికీ పాడుతున్న 'అమేజింగ్ గ్రేస్' న్యూటన్ వ్రాసినదే. 1773 జనవరి 1వ తేదీనాటి ఉపదేశానికి అనుబంధంగా దానిని సిద్ధపరచినాడు. సరిగ్గా ఆ దినాలలోనే కూపర్ మనస్సులో తుపాను లేచినది. దైవమార్గం మనకు అంతుపట్టదు, మబ్బు వెనుక కరుణ ఉన్నదని చెప్పే ఆయన ప్రసిద్ధ కీర్తన ఆ తుపాను అంచున వ్రాసినదే. ఇతరులకు ధైర్యం చెప్పడానికి పాడుతున్నారీ పాటను. వ్రాసినవానికి అది ధైర్యం చెప్పలేకపోయినది.

1773 ఫిబ్రవరి చివర కూపర్ ఒక కల కన్నాడు. నీ పని ముగిసినది, నీవు నశించితివి అని లాటిన్‌లో ఒక వాక్కు వినిపించినది. అది దేవుని తీర్పేనని ఆయన నమ్మినాడు. ఆ ఏడు అక్టోబరులో, అబ్రహాము కుమారుని బలి ఇవ్వబోయినట్లు తన ప్రాణాన్ని తాను అర్పించవలెనని దేవుడు ఆజ్ఞాపించినట్లు భావించి, మళ్లీ ఆత్మహత్యకు పూనుకొన్నాడు. అది విఫలమయినది. ఆజ్ఞను నెరవేర్చలేకపోవడం కూడా ఆయన లెక్కలో మరొక పాపమైపోయినది. ఏడాదికి పైగా న్యూటన్ ఆయనను తన ఇంటనే ఉంచుకొని ఓపికతో చూచినాడు.

ఇక్కడ మనం కొంత నిలిచి ఆలోచించవలసి ఉన్నది. సందేహమంటే సాధారణంగా దేవుడున్నాడా లేడా అన్న సందేహమనుకుంటాము. పద్దెనిమిదవ శతాబ్దం వోల్టేరు, హ్యూమ్‌ల శతాబ్దం కాబట్టి ఆ సందేహం అప్పుడు పండితుల ఇండ్లలో బాగా చలామణిలో ఉన్నది. కూపర్‌ది అది కాదు. ఆయనకు దేవునియందు గాని, క్రీస్తు త్యాగమందు గాని, బైబిలులోని ఒక్క అక్షరమందు గాని సందేహం లేదు. ఆయన సంశయించినది తననే. కాల్విన్ సిద్ధాంతం ప్రకారం ఎవరికి రక్షణ లభించునో దేవుడు ముందే నిర్ణయించినాడు. ఒకసారి ఎన్నుకొన్నవానిని విడువడు. ఆ సిద్ధాంతాన్ని పూర్తిగా అంగీకరిస్తూనే, సృష్టి మొదలు దానికి మినహాయింపు తానొక్కడినే అని కూపర్ వాదించేవాడు. మిత్రులు శాస్త్రం చూపి ఖండించబోతే, మీరు చెప్పేది అందరి విషయంలో నిజమే, నా సంగతి వేరు అనేవాడు. నాస్తికునితో వాదించవచ్చును, ఇటువంటివానితో ఏమని వాదించగలము? విలియం బుల్ అనే మరొక గురువు ప్రార్థన చేయుమని ప్రోత్సహించగా, నాకా హక్కు ఉన్నదని ముందు నిరూపించుమని ఆయన బదులు వ్రాసినాడు. ఇంట భోజనానికి ముందు అందరు లేచి దేవునికి కృతజ్ఞత చెప్తుంటే, తాను మాత్రం కూర్చుండి కత్తి, ముల్లుగరిట చేతబట్టుకొనేవాడని చెప్తారు. అది తిరస్కారం కాదు. ఆ కృతజ్ఞతలో తనకు భాగం లేదని తెలుపుకొనే పద్ధతి.

మరి ఇటువంటి మనిషి ఉదయం లేచి ఏమి చేయవలె?

1774లో ఇరుగింటి పిల్లలు కొందరు ఒక కుందేలు పిల్లను తెచ్చి, పెంచడం చేతకాక దానిని చంపేట్లున్నారని తెలిసి, కూపర్ దానిని తీసికొన్నాడు. ఈయనకు కుందేళ్లంటే ఇష్టమని ఊరంతా ప్రాకింది. వచ్చిన పిల్లలన్నింటినీ తీసికొంటే వీధి నిండేది. మూడింటితో ఆపినాడు. తన చేతులతో వడ్రంగం చేసి వాటికి విడివిడిగా పడకగదులున్న పెట్టెలు కట్టినాడు. రాత్రి భోజనాలయిన తరువాత వాటిని నడిమి గదిలోకి వదలేవారు. తివాచీ మీద కాలికి పట్టు దొరికేది గనుక అవి చిందులు త్రొక్కేవి. బెస్ చిన్నప్పుడే చనిపోయినది. టైనీ ఎన్నేళ్లు పెంచినా మచ్చిక కాలేదు. చేయి చాస్తే గుర్రుమని ముందుకాళ్లతో కొట్టేది. అయినా దాని కోపంలోనూ ఒక వినోదం ఉన్నదని కూపర్ వ్రాసినాడు. పస్ ఒకసారి జబ్బుపడి మూడు దినాలు లేవలేకపోతే, ఆయనే సేవచేసి బ్రతికించినాడు. కోలుకొన్న పిమ్మట అది ఆయన చేతిని వెనుకవైపు, అరచేయి, ప్రతి వ్రేలు, వ్రేళ్ల సందులు విడువకుండా నాకినది. తోటలోకి పోవలెననిపిస్తే ఆయన మోకాలిమీద ముందుకాళ్లతో దరువు వేసేది. తోటలో దోసపాదుల ఆకులక్రింద నీడన పండుకొని మధ్యాహ్నం గడిపేది. అది 1786 మార్చి 9వ తేదీన, పన్నెండేళ్లకు ఒక్క నెల తక్కువగా జీవించి, ముసలితనంతో మరణించినట్లు ఆయన ఒక కాగితంమీద గుర్తు వ్రాసిపెట్టుకొన్నాడు.

కుందేళ్ల తరువాత తోట. చలిదేశంలో దోసకాయ, ఖర్బూజా పండించడం సులభం కాదు. గుర్రపులద్ది ఎరువు కుప్పవేసి, దాని వేడిమీద మన్ను పరచి, పైన అద్దాల చట్రాలు మూసి, గాలి ఎప్పుడు విడువవలెనో, ఎప్పుడు మూయవలెనో కనిపెట్టుకొని ఉండవలె. ఆ కిటుకులన్నీ ఆయన తన కావ్యంలోనే పద్యరూపాన వివరించినాడు. అద్దాలగది ఒకటి కట్టించి పూలచెట్లు పెంచినాడు. తోట చివర ఒక పల్లకీ అంత గది ఉండేది. వేసవిలో ఆయన వ్రాతపని అందులోనే. ఇద్దరు కూర్చుంటే మూడవవానికి చోటు లేదు.

ఇక చదువు. సొంత పుస్తకాలు చాలా తక్కువ. అరువు తెచ్చుకొన్నవే ఎక్కువ. అన్నింటిలోను సముద్రయాత్రల పుస్తకాలంటే ఆయనకు పంచప్రాణాలు. కెప్టెన్ కుక్ ప్రయాణాల సంపుటాలు మిత్రులు పంపితే, శీతకాలపు రాత్రులు నిప్పు ఎదుట కూర్చొని స్త్రీలకు చదివి వినిపించేవాడు. వారు చేతిపని చేసుకొంటూ వినేవారు. చదువుతున్నంతసేపు ఆ నావికులతో తానూ ప్రయాణిస్తున్నట్లు, వారి ఆపదలు తనవైనట్లు ఉండేదని, అయినా తాను ఇంటి గడప దాటలేదన్న సంతోషం మిగిలేదని ఒక లేఖలో చెప్పుకొన్నాడు. టపావాడు కొమ్ము ఊదుతూ ఊజ్ వంతెన దాటి పత్రికల కట్ట తెస్తే, తెరలు దించి, సోఫా దగ్గరకు లాగి, టీ కాచుకొంటూ లోకవార్తలు చదివే సాయంకాలాన్ని ఆయన వర్ణించిన తీరు ఇంగ్లీషు సాహిత్యంలో ప్రసిద్ధం. రేడియో ముందు కుటుంబమంతా చేరి వార్తలు వినే అలవాటున్న ఇండ్లవారికి ఆ రుచి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ప్రపంచపు గోల దూరంనుండి వినబడుతూ, మనకు తగలకుండా ఉండడంలో ఒక సుఖమున్నది. అందులో కొంత స్వార్థమున్నదని కూపర్‌కూ తెలుసును.

1783 వేసవిలో జరిగిన ఒక విషయం చెప్పవలె. జూన్ 8వ తేదీన ఐస్‌లండ్ ద్వీపంలో లాకీ అనేచోట భూమి బ్రద్దలై నెలల తరబడి లావా, విషవాయువులు వెలువడినవి. ఆ పొగ యూరపు ఖండమంతటా క్రమ్మింది. ఓల్నీలోని వారికి కారణం తెలియదు. మధ్యాహ్నం సూర్యుడు ఎర్రని ముద్దవలె, కిరణాలు లేకుండా కనిపించేవాడు. భూకంపం వచ్చునని కొందరు రాత్రి పడుకొనడానికి భయపడినారు. లోకాంతమయ్యే తీర్పుదినం వచ్చేసిందని మరికొందరు రూఢిగా చెప్పినారు. ఇదంతా కూపర్ న్యూటన్‌కు లేఖలలో వ్రాసినాడు. చిత్రమేమంటే, తీర్పుదినం వస్తే తన గతి ఏమో నిశ్చయంగా తెలిసినవాడు ఆ ఊరిలో ఆయన ఒక్కడే. అయినా ఆ లేఖలలో భయం లేదు, చిన్న పరిహాసం ఉన్నది. సూర్యుని రంగును, మబ్బు మందాన్ని పరిశీలించే కన్ను ఉన్నది. చూడడంలో ఉన్న ఆసక్తి ఆయనలోని భయాన్ని కొంతసేపు మరపించేదని నేననుకుంటాను.

లేడీ ఆస్టెన్ అనే చమత్కారి 1781లో వారికి స్నేహితురాలయినది. ఆయన మరీ దిగులుగా ఉన్న ఒక సాయంకాలం ఆమె జాన్ గిల్పిన్ కథ చెప్పినది. ఆయన రాత్రంతా నవ్వుతూ మేల్కొని, తెల్లవారేసరికి పాట కట్టినాడు. తాను వ్రాసిన మిక్కిలి హాస్యమైన పంక్తులు మిక్కిలి విషాదంలో వ్రాసినవేనని, ఆ విషాదమే లేకపోతే అవి పుట్టేవే కావని తరువాత ఒప్పుకొన్నాడు. గిల్పిన్ కథ 1782 నవంబరులో పేరులేకుండా ఒక పత్రికలో వెలువడింది. కొన్నేళ్లకు హెండర్సన్ అనే నటుడు లండన్‌లో దానిని చదివి వినిపించగా దేశమంతా నవ్వినది. ఆమే ఇంకొకసారి ప్రాసలేని పద్యం వ్రాయుమని పట్టుబట్టగా, ఏ వస్తువుమీద వ్రాయనని ఆయన అడిగినాడు. దేనిమీదనైనా వ్రాయగలరు, ఈ సోఫామీద వ్రాయండి అన్నదామె. సోఫాతో మొదలైన ఆ కావ్యం ఆరు భాగాలై 'ది టాస్క్' అనే పేర 1785లో అచ్చయినది. తోట, శీతకాలపు సాయంకాలం, మంచుతో నిండిన ఉదయపు నడక, ఇవే అందులోని భాగాలు. గాయపడి మంద విడిచిన జింకను తనకు పోలికగా చెప్పుకొన్న పంక్తులు కూడా తోటను గురించిన భాగంలోనే ఉన్నవి. బానిస వ్యాపారాన్ని తీవ్రంగా నిరసించిన పంక్తులూ ఆ కావ్యంలోనివే. 1788లో న్యూటన్ తాను చేసిన పాపాన్ని ఒప్పుకొంటూ బానిస వ్యాపారంపై ఒక చిన్న పుస్తకం ప్రకటించిన ఏడే, కూపర్ నీగ్రో బానిస నోట పలికించిన పాట ఒకటి వ్రాసినాడు. తన ఆత్మకు దిక్కులేదనుకొన్న మనిషి ఇతరుల విముక్తికోసం వాదించినాడు. ఓల్నీ బీదలకు, పేరు వెల్లడించవద్దన్న షరతుతో రాబర్ట్ స్మిత్ అనే ధనికుడు పంపిన సొమ్మును దుప్పట్లు, బొగ్గులుగా మార్చి పంచినదీ కూపర్, మేరీ అన్విన్‌లే.

మతమే కూపర్‌ను పిచ్చివానిని చేసినదని, ముఖ్యంగా న్యూటన్ ఉపదేశాలు చేసినవని పందొమ్మిదవ శతాబ్దంలో చాలామంది వ్రాసినారు. మతమే లేకపోతే ఆయన మరింత ముందే నశించేవాడని ఎదుటిపక్షంవారు వ్రాసినారు. తేదీలు చూస్తే మొదటి వాదం పూర్తిగా నిలవదు. న్యూటన్‌ను ఎరుగక పూర్వమే, 1763లోనే, అంతకు పదేళ్లముందు కూడా ఆ జబ్బు ఉన్నది. దానిని నేటి వైద్యులు తీవ్రమైన మనోవ్యాకులత అంటారు. అయితే ఆ జబ్బుకు మాటలు, రూపం ఇచ్చినది మాత్రం ఆయన నమ్మిన సిద్ధాంతమే. ఎన్నికలేదన్న భాష లేకపోతే భయం మరొక భాష వెదుక్కొనేది. న్యూటన్ మంచి మిత్రుడే. కాని ఆయనకు ఒక పొరపాటు ఉన్నది. 1780లో లండన్‌కు బదిలీ అయిపోయిన తరువాత కూడా కూపర్ సంతోషాలమీద కాపలా కాచేవాడు. పక్క గ్రామం వెస్టన్ అండర్‌వుడ్‌లో త్రాక్‌మార్టన్ అనే రోమన్ కాథలిక్ జమీందారు కుటుంబం వారితో స్నేహంగా ఉండి, తమ ఉద్యానవనం తాళంచెవి ఇచ్చినారు. 1786లో న్యూటన్, తన మిత్రులు లోకసుఖాలలో పడుతున్నారని మందలిస్తూ ఉత్తరం వ్రాసినాడు. ఒక చెట్లతోపులో షికారు, ఒక కప్పు టీ, కొంత సంభాషణ, అవే ఆ లోకసుఖాలు. కూపర్ ఎంతో నొచ్చుకొన్నాడు. ఆయనను బ్రతికిస్తున్నవి ఆ చిన్న సుఖాలే అని ఆ దృఢవిశ్వాసికి తోచలేదు.

ఆ ఏడు నవంబరులో వారు వెస్టన్‌కే మారినారు. చాలాకాలం తరువాత మళ్లీ దగ్గరయిన థియోడోరా అక్క, లేడీ హెస్కెత్, అందుకు సాయపడినది. 'అనామకులు' అనే పేర ఎవరో ఆయనకు కానుకలు, ఏటేటా కొంత సొమ్ము పంపేవారు. అది థియోడోరాయే అని జీవితచరిత్రకారుల నమ్మకం. ఆ కానుకలలో మూడు కుందేళ్ల బొమ్మ చిత్రించిన నస్యపుడబ్బా ఒకటి. వెస్టన్‌లో ఆయన హోమరు కావ్యాలను రోజుకు నలభై పంక్తుల చొప్పున అనువదించి 1791లో ప్రకటించినాడు. నడుమ 1787లో జబ్బు తిరుగబెట్టి ఆరునెలలు వ్రాత ఆగినది. లేచిన తరువాత మళ్లీ నలభై పంక్తులు. ఒకనాడు ఊజ్ నదిలో పూచిన కలువను చేతికర్రతో అందుకొనబోయి విఫలుడైతే, వెంట ఉన్న బో అనే కుక్క అది గమనించి, తిరుగుదారిలో తానే ఈది పోయి ఆ పూవును తెచ్చి ఆయన కాళ్లముందు పెట్టింది. 1790లో ఒక బంధువు ఆయన తల్లి చిత్రపటాన్ని పంపినది. తల్లి పోయి 53 ఏళ్లయినది. ఆయన దానిని ముద్దుపెట్టుకొని, రాత్రి పడుకొనేముందు చివరిసారిగా, ఉదయం కండ్లు తెరవగానే మొదటిసారిగా కనిపించే చోట వ్రేలాడగట్టినాడు.

1791 చివర మేరీ అన్విన్‌కు పక్షవాతం వచ్చింది. అంతవరకు సేవలు పొందినవాడు సేవచేసేవాడైనాడు, తరువాత ఇద్దరూ కూలిపోయినారు. 1795లో బంధువులు వారిని నార్ఫక్‌కు తీసుకొనిపోయినారు. మేరీ 1796 డిసెంబరులో మరణించినది. ఆయన చివరి గొప్ప కవిత 1799లో వ్రాసినది. తుపానులో ఓడమీదనుండి సముద్రంలో పడిపోయి, తోటివారు రక్షించలేకపోగా, కొంతసేపు ఈది మునిగిపోయిన ఒక నావికుని కథ అది. ఆ సంఘటనను ఆయన కల్పించలేదు. ఆన్సన్ అనే నౌకాధిపతి యాత్రాగ్రంథంలో, నిప్పు ఎదుట కూర్చొని సుఖంగా చదివే అటువంటి పుస్తకాలలో ఒకదానిలో, ఎన్నడో చదివినదే. 1800 ఏప్రిల్ 25వ తేదీన ఈస్ట్ డెరెంలో ఆయన కన్నుమూసినాడు. ఆ ఊరి చర్చిలోనే సమాధి చేసినారు.

ఓల్నీలో ఆయన నివసించిన ఇల్లు 1900 నుండి ఆయనకు, న్యూటన్‌కు స్మారకమైన ప్రదర్శనశాల. తోట చివరి ఆ చిన్న గది ఇంకా నిలిచి ఉన్నది. లోపలి గోడలమీద, కప్పుమీద, రెండు శతాబ్దాలుగా చూడవచ్చినవారు వ్రాసిపోయిన పేర్లు కనిపిస్తవి.